ఓపెన్ సోర్స్ గేమ్‌లో మీ మొదటి మార్పు: వెస్నాత్‌తో మొదలుపెట్టండిలా

"కొంచెం కోడింగ్ వచ్చు, గేమ్స్ అంటే పిచ్చి. ఏదైనా ఓపెన్ సోర్స్ గేమ్‌కి పనిచేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఇంజనీరింగ్ రెండో ఏడాది పిల్లలూ ఇదే అడుగుతున్నారు, ఉద్యోగంలో పదేళ్లు నిండినవాళ్లూ ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి తెలుసుకోండి. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచి, ఎవరైనా మార్చి పంపే వీలిచ్చేది. ఇలాంటి ప్రాజెక్టుల్లో కోడ్ పంపేవాళ్లు బాగానే ఉంటారు. పంపినదాన్ని కూర్చుని చదివి, ఆడి చూసి, "సరే, కలుపుదాం" అనేవాళ్లకే కరువు. వాళ్లూ జీతం లేకుండా, ఆఫీసు అయ్యాక రాత్రిపూట చేసేవాళ్లే. అందుకే మీరు పంపేది ఎంత గొప్పగా ఉందన్నది తర్వాతి మాట. అవతలి మనిషి పది నిమిషాల్లో దాన్ని సరిచూసుకోగలడా లేదా అన్నదే ముందు. కింద చెప్పే మెట్లన్నీ ఆ పది నిమిషాల కోసమే.

ఉదాహరణకు 'బ్యాటిల్ ఫర్ వెస్నాత్' తీసుకుంటున్నాను. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టిన గేమ్ ఇది. షడ్భుజి గళ్ల మీద వంతులవారీగా ఆడే యుద్ధం. ఇన్నేళ్లూ వాలంటీర్ల చేతుల మీదుగానే నడుస్తోంది. ఇంజిన్ (గేమ్‌ను నడిపే అసలు ప్రోగ్రామ్) సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది కానీ సైనికులు, కథలు, మ్యాప్‌లు, సంభాషణలు అన్నీ డబ్ల్యూఎంఎల్ అనే సాదా టెక్స్ట్ భాషలో ఉంటాయి. మామూలు ఎడిటర్‌లో తెరిచి అంకె మార్చి సేవ్ చేస్తే చాలు, కంపైల్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) చేయకుండానే గేమ్‌లో ఫలితం కనిపిస్తుంది. కొత్తవాళ్లకు ఇంతకన్నా అనువైనది నాకు తెలిసి లేదు.

ఏమేం కావాలి

- మామూలు ల్యాప్‌టాప్. విండోస్ అయినా లినక్స్ అయినా పర్లేదు. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు.
- గిట్ (ఫైళ్లలో ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే ప్రోగ్రామ్), ఒక గిట్‌హబ్ ఖాతా (ప్రాజెక్టుల కోడ్ ఉండే సైట్).
- టెక్స్ట్ ఎడిటర్. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, వీఎస్ కోడ్, ఏదైనా సరే.
- వైఫై. రిపోజిటరీలో (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటు) బొమ్మలు, సంగీతం అన్నీ ఉంటాయి కాబట్టి చాలా బరువు. మొబైల్ డేటా మీద క్లోన్ (మొత్తాన్ని మీ కంప్యూటర్‌లోకి దించుకోవడం) మొదలుపెడితే ఆ రోజు ప్యాక్ అయిపోయినట్టే.
- చదివితే అర్థమయ్యేంత, నాలుగు వాక్యాలు రాయగలిగేంత ఇంగ్లిష్. వ్యాకరణం ఎవరూ పట్టించుకోరు. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు.

రెండు హెచ్చరికలు. గిట్‌లో కమిట్ చేసిన (మార్పును నమోదు చేసిన) ప్రతిసారీ మీ ఈమెయిల్ దానికి అతుక్కుపోతుంది, ఎవరైనా చూడొచ్చు, తర్వాత తీసేయడం దాదాపు అసాధ్యం. గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ఈమెయిల్ దాచే ఆప్షన్ ఉంది. అది ఆన్ చేసి, వాళ్లిచ్చే మారు చిరునామానే మీ కంప్యూటర్‌లో గిట్‌కి కూడా ఇవ్వండి. రెండోది ఉద్యోగస్తులకు: చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీల అపాయింట్‌మెంట్ ఒప్పందాల్లో మీరు రాసే కోడ్ హక్కుల గురించి ఒక క్లాజు ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఈ పని ముట్టుకోకండి. క్లాజు గట్టిగా ఉంటే హెచ్‌ఆర్‌ను అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

1. ముందు ఆడండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. ట్యుటోరియల్ ఆడండి, ఆ తర్వాత కొత్తవాళ్ల కోసమే ఉన్న 'ది సౌత్ గార్డ్' క్యాంపెయిన్ (వరుస సీన్లుగా సాగే కథ) పూర్తి చేయండి. పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఎక్కడ అర్థం కాలేదో, ఏ వాక్యం తప్పుగా అనిపించిందో, ఏ బటన్ కోసం వెతుక్కున్నారో రాసుకోండి. పాతవాళ్లకు ఇవి కనిపించడం ఎప్పుడో మానేశాయి. మీకు ఇంకా కనిపిస్తున్నాయి కదా, మొదటి పని దొరికేది ఆ కాగితంలోనే.

ఇక్కడే ఒక పొరపాటు అభిప్రాయం గురించి చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట పట్టేసే "బగ్" ఇదే. ఈటెవాడు మూడుసార్లు పొడుస్తాడు, ఒక్కో పోటుకి తగిలే అవకాశం 60 శాతం అని తెర మీద ఉంటుంది. మూడూ తప్పిపోతాయి. "పాచికల్లో మోసం ఉంది" అని వెంటనే రిపోర్ట్ రాసేస్తారు. లెక్క వేసి చూడండి: ఒక్కోటి తప్పే అవకాశం 40 శాతం. మూడూ తప్పాలంటే 0.4ను మూడుసార్లు గుణించాలి, అంటే 0.064. వంద దాడుల్లో సగటున ఆరుసార్లు ఇలా జరిగి తీరుతుంది. ఒక క్యాంపెయిన్‌లో వందల దాడులుంటాయి. దాడి విండోలోనే డ్యామేజ్ లెక్క చూపించే బటన్ ఉంది, మెనూలో గణాంకాల పేజీ ఉంది. ఆ రెండూ చూశాక కూడా అనుమానం మిగిలితేనే రాయండి.

2. చిన్న పని పట్టుకోండి

మొదటి పనికి మూడు లక్షణాలుండాలి: ఒకటి రెండు ఫైళ్లలో అయిపోవాలి, తప్పో ఒప్పో కంటితో చూసి చెప్పగలగాలి, ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడకూడదు.

మంచివి: సంభాషణలో అచ్చుతప్పు, హెల్ప్ పేజీలో పాత సమాచారం, కథలో చనిపోయిన పాత్ర తర్వాతి సీన్‌లో మాట్లాడటం, ఒక ప్రత్యేక సందర్భంలో ఆగిపోయే ఈవెంట్. గిట్‌హబ్‌లో ఇష్యూల (నమోదైన సమస్యల) జాబితా తెరిచి, కొత్తవాళ్లకు అనువైనవి అని గుర్తుపెట్టిన లేబుల్‌తో వడకట్టండి.

వద్దన్నవి: "ఈటెవాడి ధర 14 బంగారం, 12 చేస్తే బాగుంటుంది" లాంటి బ్యాలెన్స్ మార్పులు. ఒక్క అంకె మారితే మల్టీప్లేయర్‌లో అన్ని వర్గాల మధ్య తూకం కదులుతుంది. పగలు బలపడే సైన్యం, రాత్రి బలపడే సైన్యం మధ్య 25 శాతం ఎక్కువ తక్కువలు, నేలనుబట్టి మారే రక్షణ, ఇవన్నీ ఏళ్ల తరబడి ఆడి కుదిర్చినవి. కొత్త మనిషి పంపిన బ్యాలెన్స్ మార్పు మెర్జ్ అవడం (అసలు గేమ్‌లో కలవడం) చాలా అరుదు. అలాగే "గేమ్‌ను త్రీడీ చేద్దాం", "మొత్తం వేరే భాషలో తిరగరాద్దాం" లాంటివి కూడా. అంత ఆలోచన ఉంటే యాడ్-ఆన్‌గా (గేమ్‌కు విడిగా జతచేసుకునే భాగంగా) చేసుకోండి. గేమ్ లోపలే యాడ్-ఆన్ సర్వర్ ఉంది, అక్కడ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

ఇష్యూ కింద "సర్, దయచేసి ఇది నాకు అసైన్ చేయండి" అని రాసి కూర్చోకండి. మన కాలేజీ అలవాటు అది. అక్కడ అసైన్ చేసేవాళ్లు ఎవరూ ఉండరు. "నేను దీన్ని చూస్తున్నాను, ఫలానా ఫైల్లో సమస్య ఉందనిపిస్తోంది" అని ఒక్క వాక్యం చాలు. రెండు వారాల్లో కుదరకపోతే "నాకు వీలుపడలేదు, ఎవరైనా తీసుకోవచ్చు" అని అక్కడే చెప్పేయండి.

3. బగ్‌ను మళ్లీ రప్పించండి

కోడ్ ముట్టుకోకముందే ఇది చేయాలి. ఒకసారి కనిపించి మాయమైన బగ్‌ను ఎవరూ సరిచేయలేరు.

మీ సేవ్ ఫైల్ తెరిచి, అదే పని చేసి, అదే తప్పు వస్తోందా చూడండి. రెండుసార్లు వస్తే చాలు. యాడ్-ఆన్‌లు, మార్పులు ఏవైనా వేసుకుని ఉంటే తీసేసి మళ్లీ చూడండి. సగం "బగ్"లు ఇక్కడే ఎగిరిపోతాయి.

తర్వాత, ఇదే బగ్‌ను వేరేవాళ్లు ఎవరైనా చెప్పారేమో వెతకండి. మూసేసిన ఇష్యూల్లో కూడా వెతకాలి. మీరు ఆడుతున్నది పాత వెర్షన్ అయితే, అది ఇప్పటికే సరిచేసి ఉండవచ్చు.

"క్యాంపెయిన్ పనిచేయట్లేదు, ప్లీజ్ ఫిక్స్" అన్న రిపోర్ట్‌తో ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా ఉండాలి:

- గేమ్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్. మొదటి తెర మీద వెర్షన్ వివరాల విండో ఉంటుంది. ఈ వివరాలన్నీ ఒకేసారి కాపీ చేసే బటన్ అందులోనే ఉంది. సేవ్ ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో కూడా అక్కడే చూపిస్తుంది.
- ఏ క్యాంపెయిన్, ఎన్నో సీన్, ఎన్నో వంతు, ఏ కష్టస్థాయి.
- నేను చేసింది: మొదట ఇది, తర్వాత ఇది, తర్వాత ఇది.
- జరగాల్సింది ఇది. జరిగింది ఇది.
- సేవ్ ఫైల్ జతపరచాను.

బగ్‌కు ఒక్క అడుగు ముందు తీసిన సేవ్ అయితే ఇంకా మంచిది. చూసేవాళ్లు ఫైల్ తెరిచి ఒక్క నొక్కుతో బగ్ చూడగలిగితే, మీ పని సగం అయిపోయినట్టే. నిజానికి కోడ్ ఒక్క లైను కూడా రాయకుండా ఇక్కడితో ఆగిపోయినా మీరు ప్రాజెక్టుకు పనికొచ్చినట్టే. మొదటి నెల ఇదొక్కటే చేయమని కూడా నేను చెబుతుంటాను.

4. చేయి తిరగడానికి ఒక దొంగ మార్పు

ఎవరికీ పంపని మార్పు ఒకటి చేసి చూడండి. గేమ్ ఎలా చదువుకుంటుందో దీనితో అర్థమైపోతుంది.

గేమ్ ఫోల్డర్ మొత్తాన్ని వేరేచోటికి కాపీ చేయండి. అసలుదాన్ని కదపొద్దు. కాపీలో డేటా, దాని లోపల కోర్, దాని లోపల యూనిట్స్, అందులో హ్యూమన్స్. అక్కడ స్పియర్‌మన్ పేరున్న ఫైలు తెరవండి. కాస్ట్ అన్నచోట 14 ఉంటుంది. దాన్ని 1 చేసి సేవ్ చేయండి. కాపీలోని గేమ్ నడిపి, హెల్ప్‌లో ఈటెవాడి పేజీ తెరవండి. ధర 1 అని కనిపిస్తే సరే.

గేమ్ ముందే తెరిచి ఉంటే మూసి తెరవక్కర్లేదు. మొదటి తెర మీద ఎఫ్5 నొక్కితే డేటా మొత్తం మళ్లీ చదువుకుంటుంది. "మార్చాను కానీ ఏమీ మారలేదు" అన్నవాళ్లలో ఎక్కువమంది ఎఫ్5 మరిచిపోయినవాళ్లు, లేదంటే ఒక కాపీలో మార్చి ఇంకో కాపీ నడుపుతున్నవాళ్లు.

ఇప్పుడు కావాలనే పాడుచేయండి. ఏదైనా ఒక ముగింపు ట్యాగు (చదరపు బ్రాకెట్లో / తో మొదలయ్యేది) తీసేసి ఎఫ్5 నొక్కండి. ఎర్రర్ విండోలో ఫైల్ పేరు, లైన్ నంబరు వస్తాయి. ఆ సందేశం ఎలా ఉంటుందో ఇప్పుడే, తీరిగ్గా చదివి పెట్టుకోండి. రేపు నిజంగా వచ్చినప్పుడు టెన్షన్ ఉండదు. ఒక కిటుకు: తప్పు ఎక్కడ బయటపడిందో ఆ లైను దగ్గరే వెతక్కండి. ట్యాగు ఎక్కడ తెరుచుకుందో కూడా సందేశంలో ఉంటుంది, అసలు తప్పు ఆ రెండిటి మధ్యే ఉంటుంది.

5. ఫోర్క్, క్లోన్, బ్రాంచ్

గిట్‌హబ్‌లో వెస్నాత్ రిపోజిటరీని ఫోర్క్ చేసి (మీ ఖాతాలోకి ఒక కాపీ తీసుకుని), మీ ఫోర్క్‌ను కంప్యూటర్‌లోకి క్లోన్ చేయండి. పాత చరిత్ర మొత్తం అక్కర్లేకపోతే డెప్త్ 1 ఇచ్చి క్లోన్ చేయండి, డౌన్‌లోడ్ బాగా తగ్గుతుంది.

మార్పు ఎప్పుడూ మాస్టర్ బ్రాంచ్ (కోడ్ ప్రధాన శాఖ) నుంచి కొత్త బ్రాంచ్ తీసి అందులోనే చేయాలి. వెర్షన్ నంబర్లో రెండో అంకె సరి సంఖ్య అయితే అది స్థిరమైన విడుదల, బేసి అయితే ప్రయోగాల విడుదల. 2024 మార్చిలో వచ్చిన 1.18 స్థిరమైనది, 1.19 ప్రయోగాలది. స్థిరమైన బ్రాంచ్‌లో తెర మీద కనిపించే వాక్యాలు మార్చనివ్వరు. అనువాదకులు అప్పటికే పూర్తిచేసిన పని ఒక్క కామా మారినా పాడవుతుంది. ఈ సంగతి తెలియక స్థిర బ్రాంచ్ మీద అచ్చుతప్పులు దిద్ది పంపేవాళ్లు చాలామంది.

కంపైల్ చేయాలా? మీ మార్పు డబ్ల్యూఎంఎల్‌లోనే ఉంటే అక్కర్లేదు. తాజా ప్రయోగ వెర్షన్ ఇన్‌స్టాల్ చేసుకుని, నడిపేటప్పుడు డేటా-డిర్ అనే ఆప్షన్‌తో మీ క్లోన్ ఫోల్డర్ చూపించండి. ఇన్‌స్టాల్ చేసినదానికీ క్లోన్‌కీ వెర్షన్ తేడా ఎక్కువైతే ఎర్రర్లు వస్తాయి. అప్పుడు ఆ వెర్షన్ ట్యాగ్ దగ్గరకు వెళ్లి అక్కడ పరీక్షించుకోండి.

సీ ప్లస్ ప్లస్ ముట్టుకుంటే మాత్రం కంపైల్ తప్పదు. దానికి లినక్స్‌లో స్కాన్స్ లేదా సీమేక్, విండోస్‌లో విజువల్ స్టూడియో కావాలి. నా సలహా: మొదటిసారికి లినక్స్‌లోనే చేయండి, కావాల్సిన లైబ్రరీలన్నీ ప్యాకేజీలుగా దొరుకుతాయి. ఇక్కడ ఎక్కువగా తగిలే దెబ్బలు రెండు. ఒకటి, సబ్‌మాడ్యూల్స్ (రిపోజిటరీకి జతగా విడిగా ఉండే కోడ్) తెచ్చుకోకపోవడం. లువా (గేమ్ వాడే ఒక స్క్రిప్టింగ్ భాష) దొరకలేదని ఎర్రర్ వస్తే కారణం అదే. రెండోది, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒకేసారి ఎనిమిది కంపైల్ జాబ్‌లు పెట్టడం. మెషీన్ బిగుసుకుపోతుంది. రెండు జాబ్‌లతో మొదలుపెట్టి, పడుకునే ముందు నడిపి పెట్టేయండి.

6. మార్పు చేయండి, అదొక్కటే చేయండి

అచ్చుతప్పు దిద్దడానికి వెళ్లి, పక్కనున్న వాక్యం కూడా "మెరుగు" చేయాలనిపిస్తుంది. వద్దు. అది ఇంకో బ్రాంచ్‌లో.

చూసుకోవాల్సినవి:

- డబ్ల్యూఎంఎల్‌లో నాలుగు స్పేసుల ఇండెంటేషన్. మీ ఎడిటర్ ట్యాబులు పెట్టకుండా చూడండి.
- సేవ్ చేయగానే ఫైల్ మొత్తాన్ని చక్కబెట్టే ఆటో-ఫార్మాట్ ఆపేయండి. విండోస్ వాడేవాళ్లు లైన్ చివర్లు మారిపోకుండా గిట్ సెట్టింగ్ చూసుకోండి.
- కొటేషన్ ముందు ఒక అండర్‌స్కోర్ ఉంటుంది. చూడటానికి పొరపాటులా ఉంటుంది, తీసేయకండి. ఈ వాక్యాన్ని అనువదించాలి అని చెప్పే గుర్తు అది. తీసేస్తే మిగతా భాషలన్నిటిలో ఆ వాక్యం ఇంగ్లిష్‌లోనే మిగిలిపోతుంది, ఇంగ్లిష్‌లో ఆడే మీకు మాత్రం తేడానే తెలియదు.
- డాలర్ గుర్తుతో మొదలయ్యే పదాల్లో ఆట నడుస్తున్నప్పుడు పేర్లో అంకెలో వచ్చి చేరతాయి. వాటి స్పెల్లింగ్ ముట్టుకోవద్దు.

ఆ తర్వాత గిట్ డిఫ్ (పాతదానికీ కొత్తదానికీ తేడా) చూడండి. మూడు లైన్లు మార్చినవాళ్ల డిఫ్‌లో మూడు లైన్లే కనిపించాలి. మూడొందలు కనిపిస్తే ఎడిటర్ చేతివాటం అది. వెనక్కి తీసుకుని మళ్లీ చేయండి. ఇలాంటి డిఫ్ పంపితే చూసేవాళ్లు చదవను కూడా చదవరు, ఫార్మాటింగ్ తీసేసి పంపమని చెప్పి వెళ్లిపోతారు.

7. పనిచేస్తోందని మీరే తేల్చుకోండి

ఇక్కడ తొందరపడితే మీకూ టైమ్ వృథా, వాళ్లకూ వృథా.

ముందు వెస్నాత్‌తోపాటే వచ్చే డబ్ల్యూఎంఎల్-లింట్ లాంటి టూల్స్ ఉన్న ఫోల్డర్ వెతకండి. డేటాలో టూల్స్ అని ఉంటుంది. అందులో డబ్ల్యూఎంఎల్-లింట్ అనే పైథాన్ స్క్రిప్ట్ మీ ఫైల్‌ను చదివి, తెలిసిన తప్పులన్నీ చెబుతుంది. దీన్ని మొదట డ్రై రన్‌లో (ఫైల్ మార్చకుండా చూపించే పద్ధతిలో) నడపండి. లేకపోతే తనకు తోచిన దిద్దుబాట్లు తానే ఫైల్లో రాసేస్తుంది.

తర్వాత గేమ్‌లో చూడాలి. ఏడో సీన్‌లో మార్పు చేస్తే ఆరు సీన్లు ఆడుకుంటూ వెళ్లక్కర్లేదు. ఆటలో కోలన్ నొక్కితే కమాండ్ పెట్టె వస్తుంది. డీబగ్ అని కొట్టి ఎంటర్ చేస్తే బంగారం పెంచుకోవచ్చు, కావాల్సిన సైనికుడిని సృష్టించుకోవచ్చు, నేరుగా కావాల్సిన సీన్‌కి దూకవచ్చు. కానీ దూకినప్పుడు ముందు సీన్లలో మిగలాల్సిన సైనికులు మీ దగ్గర ఉండరు. అందుకే చివరగా ఒక్కసారైనా, మార్పు ఉన్న సీన్‌ను ముందు సీన్ నుంచి సహజంగా ఆడి చేరుకోండి.

నేనైతే మూడు రకాలుగా చూడమంటాను: మార్పు వల్ల బగ్ పోయిందా, మామూలుగా ఆడితే ముందులాగే ఉందా, ఎవరూ చేయని పిచ్చి పని చేస్తే ఏమవుతుంది. ఉదాహరణకు ఒక రౌతు ఊళ్లోకి రాగానే సంభాషణ మొదలవ్వాలి అనుకుందాం. రౌతు బదులు నాయకుడే వస్తే? ఆ రౌతు అప్పటికే చనిపోయి ఉంటే? శత్రువు ముందుగా ఆ ఊళ్లోకి వస్తే? సీన్‌లలో వచ్చే బగ్‌లలో ఎక్కువ భాగం ఈ మూడో రకమే.

8. పుల్ రిక్వెస్ట్ పంపండి

పుల్ రిక్వెస్ట్ అంటే మీ మార్పును అసలు ప్రాజెక్టులో కలపమని అడగడం. దాని పేరులో ఏం మార్చారో ఉండాలి: "సౌత్ గార్డ్ మూడో సీన్: రౌతు చనిపోయాక మాట్లాడటం ఆపాను" అన్నట్టు, ఇంగ్లిష్‌లో. "అప్‌డేటెడ్ ఫైల్" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. వివరణలో మూడే విషయాలు: సమస్య ఏంటి, ఏం చేశాను, ఎలా పరీక్షించాను. ఇష్యూ నంబరు ఇవ్వండి. ఆటగాళ్లకు కనిపించే మార్పు అయితే రిపోలో చేంజ్‌లాగ్ ఎంట్రీల ఫోల్డర్ ఉంది, పక్కవాటిని చూసి అలాగే ఒక చిన్న ఫైలు పెట్టండి.

పంపగానే ఆటోమేటిక్ పరీక్షలు నడుస్తాయి. ఎర్ర గుర్తు వస్తే కంగారుపడొద్దు, వివరాలు తెరిచి చదవండి. మీ ఫైల్ పేరు అందులో ఉంటే తప్పు మీదే. అసలు సంబంధం లేని చోట ఆగిపోతే, ఆ మాటే కింద రాయండి.

రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలు) ఒక పదం మార్చి పంపడం లాంటివి చేయకండి. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ (పుల్ రిక్వెస్టులు పంపితే బహుమతి ఇచ్చే కార్యక్రమం) టీ-షర్టు కోసం వేలకొద్దీ అలాంటివి వచ్చిపడి, ప్రాజెక్టులవాళ్లు తలలు పట్టుకున్నారు. చివరికి నిర్వాహకులు నిబంధనలే మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకు మాత్రమే పరిమితం చేయాల్సి వచ్చింది. ఆ జ్ఞాపకం ఇంకా చాలామందికి ఉంది. ఏఐ రాసిచ్చిన కోడ్‌ను చదవకుండా పంపితే ఇప్పుడు అదే చూపు పడుతుంది. ప్రాజెక్టు నిబంధనల్లో దాని గురించి ఏముందో ముందే చూసుకోండి. ఏ లైను ఎందుకు ఉందో మీరు చెప్పలేకపోతే ఆ లైను పంపొద్దు.

9. రివ్యూ

"ఇలా కాదు, అలా మార్చండి" అని వస్తుంది. పొడిపొడిగా ఉంటుంది, కోపం కాదు. మార్చి, అదే బ్రాంచ్‌లోకి పుష్ చేయండి (పంపండి). పాతది మూసి కొత్త పుల్ రిక్వెస్ట్ తెరవకండి, అప్పటిదాకా జరిగిన చర్చ అంతా తెగిపోతుంది.

జవాబే రాకపోతే రెండు వారాలు ఆగి, ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి. రోజూ "ఎనీ అప్‌డేట్?" అనొద్దు. కాదంటే కారణం అడగండి, వాదించకండి. మీ మార్పు మీకు అంత నచ్చితే యాడ్-ఆన్ దారి ఎలాగూ ఉంది.

మెర్జ్ అయ్యాక తర్వాతి ప్రయోగ విడుదలలో వస్తుంది. అది దించుకుని, మీరు మార్చిన చోటు మళ్లీ ఆడి చూడండి. మధ్యలో వేరేవాళ్ల మార్పు వల్ల తిరగబడి ఉంటే, కొత్త ఇష్యూ తెరవాల్సింది మీరే.

కోడింగ్ రాకపోతే

అనువాదం చేయొచ్చు. వెస్నాత్ వాక్యాలన్నీ గెట్‌టెక్స్ట్ పీఓ అనే అనువాద ఫైళ్లలో ఉంటాయి, పోఎడిట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరిచి నింపడమే. కానీ తెలుగుకి సంబంధించి, వెయ్యి వాక్యాలు అనువదించే ముందు ఒక్క పరీక్ష చేయండి. మొదటి మెనూలోని ఏదో ఒక వాక్యం బదులు "స్త్రీ, జ్ఞానం, లక్ష్మి, రాష్ట్రం" అని పెట్టి గేమ్ తెరవండి. ఒత్తులు విడిపోయి పక్కన నిలబడినా, గడులు కనిపించినా ఆ గేమ్ ఇంకా తెలుగుకి సిద్ధంగా లేనట్టు. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీ వాడే గేమ్‌లలోనే తెలుగు సరిగా వస్తుంది. వెస్నాత్ ప్యాంగో అనే అలాంటి లైబ్రరీ వాడుతుంది కాబట్టి ఇంజిన్‌తో ఇబ్బంది ఉండకూడదు, ఫాంట్ సంగతే చూసుకోవాలి. గోడో ఇంజిన్‌తో చేసిన గేమ్ అయితే అది గోడో 4 మీద ఉందో లేదో చూడండి. 2023లో వచ్చిన ఆ వెర్షన్ నుంచే ఈ సదుపాయం ఉంది. ఫాంట్ కావాలంటే నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, గేమ్‌తో కలిపి ఇవ్వొచ్చు.

అనువదించేటప్పుడు కొన్ని ఇంగ్లిష్ వాక్యాల మొదట్లో ఒక పదం, దాని వెంట టోపీ గుర్తు ఉంటుంది. ఆ గుర్తుకు ముందున్నది మీకు చెప్పే సూచన మాత్రమే, దాన్ని అనువదించొద్దు. ఆడ సైనికురాలికి వేరే పేరు పెట్టే వీలు ఇలాగే దొరుకుతుంది: మంత్రగాడు, మంత్రగత్తె. పూర్తయ్యాక పోఎడిట్‌లో తనిఖీ నడపండి. డాలర్ పదాలు, లైన్ విరుపులు ఇంగ్లిష్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో మీరూ చూసుకోండి. ఆ తర్వాత గేమ్ తెరిచి బటన్లు చూడండి, తెలుగు మాటలు పొడవుగా ఉండి చివరలు తెగిపోతుంటాయి.

బొమ్మలు, సంగీతం వేసేవాళ్లు లైసెన్స్ ముందు చూసుకోండి. నెట్‌లో దొరికిన బొమ్మకు రంగు మార్చినంత మాత్రాన అది మీది కాదు. "వ్యాపారానికి వాడకూడదు" అన్న షరతు ఉన్నవి కూడా పనికిరావు, ఉచితంగా ఇస్తున్న గేమ్ అయినా సరే. డెబియన్ లాంటి లినక్స్ పంపిణీలు ఆ షరతు ఒప్పుకోవు. దీని బరువు తెలియాలంటే, ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్ గేమ్‌ను అనుకరించే ఓపెన్‌టీటీడీ చరిత్ర చూడండి: కోడ్ 2004 నుంచి ఉన్నా, అసలు గేమ్ బొమ్మలు లేకుండా ఆడగలిగేలా స్వేచ్ఛా బొమ్మల సెట్ చేతికొచ్చి 1.0 విడుదలయ్యేసరికి 2010 అయింది. మీరు గీసింది అయితే అసలు ఫైళ్లు, పొరలతో సహా దాచిపెట్టండి, అడుగుతారు.

వెస్నాత్ నచ్చకపోతే

- లువాంటి: 2024 అక్టోబరు దాకా మైన్‌టెస్ట్ అని పిలిచేవాళ్లు. లువా వచ్చినవాళ్లకు స్వర్గం. రెండు చిన్న ఫైళ్లతో ఒక మాడ్ (గేమ్‌కు జతచేసే మార్పు) తయారవుతుంది.
- సూపర్‌టక్స్‌కార్ట్: బ్లెండర్ వచ్చినవాళ్లకు. ట్రాకులు, బండ్లు అందులోనే చేస్తారు.
- 0 ఏ.డీ.: చరిత్ర మీద ఆసక్తి ఉంటే. జావాస్క్రిప్ట్, ఎక్స్‌ఎంఎల్ తెలిస్తే చాలావరకు నెట్టుకురావచ్చు.
- ఫ్రీసివ్: 1990ల నాటి పాత సీ కోడ్. కానీ ఆట నియమాలన్నీ టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి.
- ల్యాప్‌టాప్ లేక ఫోనే ఉన్నవాళ్లు: అన్‌సివ్, మిండస్ట్రీ రెండూ ఆండ్రాయిడ్‌లో ఉన్నాయి. బగ్ రిపోర్టులు ఫోన్ నుంచే రాయొచ్చు.

వీటిలో లేని గేమ్ ఏదైనా ఎంచుకుంటే, గిట్‌హబ్‌లో నక్షత్రాలెన్ని ఉన్నాయో (ఎంతమందికి నచ్చిందో) చూసి మోసపోకండి. మెర్జ్ అయిన పుల్ రిక్వెస్టుల జాబితా తెరిచి, మొదటిసారి పంపిన కొత్త మనిషిది ఆఖరుసారి ఎప్పుడు కలిపారో చూడండి. ఆర్నెల్లుగా అలాంటిది ఒక్కటీ లేకపోతే, గేమ్ ఎంత బాగున్నా వేరేది చూసుకోండి.